తొమ్మిదో సెల్లు తొందర

"మళ్ళీ అదే ఎర్ర లైటు మేడం," అన్నాడు శ్యాంసన్, తన ఎలక్ట్రిక్ ఆటోని షాపు మెట్లదాకా తెచ్చి ఆపుతూ. నెలలో ఇది మూడోసారి. కంప్లైంటు చెప్పేవాడి మొహం అంత కళకళలాడటం మార్కాపురంలో ఇంకెక్కడా చూడబోం.

ఎలీషబా చేతిలో పని వదిలేసి గబగబా మెట్ల దగ్గరికొచ్చింది. బస్టాండు వెనక కాటమరాజు నడిపే ఆ బ్యాటరీల షాపులో ఏడాదిపాటు కౌంటర్లో ఫోన్లెత్తి, బతిమాలి బతిమాలి రెండు నెలల కిందటే ఆమె రిపేరు బెంచీ ఎక్కింది. ఈ ఆటోదే ఆమె చేతికొచ్చిన మొదటి పెద్ద బ్యాటరీ. ఛార్జింగ్ నిండబోయే ముందు ఓవర్‌వోల్టేజ్ అని చూపించి ఆగిపోతుంది. మొదటిసారి ఛార్జర్ మార్చింది. రెండోసారి కనెక్టర్లు శుభ్రం చేసింది.

కాటమరాజు ఆమెను లోపలికి పిలిచి, కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. "చూడమ్మా, సాయంత్రం లోపల తేల్చు. తేలకుంటే బ్యాటరీ కంపెనీకి పంపిద్దాం, నువ్వు మళ్ళీ కౌంటర్లో కూర్చుందువు," అని చెప్పి పనిమీద గిద్దలూరు వెళ్ళిపోయాడు.

ఎలీషబా చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని పెట్టె మూత విప్పింది. లోపల పదహారు సెల్లులు. ఛార్జర్ పెట్టి, ఒక్కోదాని వోల్టేజీ చూసుకుంటూ పోయింది. పదిహేను సెల్లులు మూడు పాయింట్ నాలుగు దగ్గర బుద్ధిగా ఉన్నాయి. తొమ్మిదోది మాత్రం మూడున్నర దాటి, మూడు పాయింట్ ఆరు దాటి ఎగబాకుతోంది. ఇంకాసేపటికి టక్కుమని ఛార్జింగ్ ఆగి ఎర్ర లైటు వెలిగింది.

"దొరికింది," అంది ఎలీషబా. "ఛార్జర్ తప్పేం లేదు. తొమ్మిదోది అందరికంటే ముందే నిండిపోయి ఇంక చాలంటా ఉంది. దాన్ని కాపాడాలని లోపలుండే కంట్రోల్ బోర్డు ఛార్జింగ్ మొత్తం ఆపేస్తాది."

"దానికంత తొందరేంది?"

"కొందరికి ఉంటాది లెండి." ఆమె తలెత్తకుండానే అడిగింది. "మీరు ఇంట్లో నిండా ఛార్జింగ్ కానిస్తారా? పూర్తిగా నిండే టైములోనే బోర్డు సెల్లులన్నిట్నీ సమానం చేస్తాది."

"యాడ కానిస్తాం? ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన. ఛార్జర్ ఫ్యాను గుయ్యిమంటాదని మా అమ్మ కరుణమ్మ ప్లగ్గు పీకేస్తాది. ఆనక అన్నాలు, నిద్ర. మళ్ళీ పెట్టేదెవరు?"

ఎలీషబా పకపకా నవ్వేసింది. తమ ఇంట్లోనూ ఎనిమిదయ్యేసరికి టీవీ ఆగుతుంది, మిక్సీ ఆగుతుంది, మే నెలలో కూడా ఫ్యాను ఆగుతుంది. ఏ మెకానిక్ పుస్తకంలోనూ రాయని కారణం ఇది.

"మరి లైటు ఎప్పుడొచ్చింది?"

"అమ్మ అర్ధవీడులో అక్క దగ్గరికి పోయినప్పుడు. పీకేవాళ్ళు లేక రాత్రంతా పెట్టేసినా. ఆ రెండుసార్లే..." అని టక్కున ఆగిపోయాడు.

"రెండుసార్లా?" ఎలీషబా ఫోన్లో బ్యాటరీ యాప్ తెరిచి, పాత లోపాల జాబితా చూసింది. ఇప్పుడు బెంచీ మీద వచ్చినది పక్కన పెడితే అక్కడున్నవి రెండే. "మరి ఇయ్యాల ఎందుకొచ్చినావు?"

మీరు కాస్తా నువ్వయింది. ఆమె గమనించలేదు, అతను గమనించాడు.

"లైటు రాకుంటే ఏం చెప్పుకొని రావాలి నేను?" అన్నాడు, బయట మొదలైన చినుకుల వైపు చూస్తూ.

ఆమెకి ఒళ్ళు మండింది. అదే క్షణాన నవ్వు కూడా రాబోయింది, అందుకు ఇంకా కోపం వచ్చింది. "నీకు సరదా. ఇక్కడ నా బెంచీ పోతాది."

శ్యాంసన్ మొహం పాలిపోయింది. ఆ సంగతి అతనికి నిజంగా తెలియదు.

ఎలీషబా పాత కారు హెడ్‌లైటు బల్బొకటి తెచ్చి తొమ్మిదో సెల్లుకు తగిలించింది. బల్బు మసకగా వెలిగింది. ఎక్కువైన ఛార్జింగ్ అలా మెల్లగా దిగాలి, మూడు గంటలు పడుతుంది. మీటరూ, పలకా, బలపమూ శ్యాంసన్ చేతిలో పెట్టి, పది నిమిషాలకోసారి రాయమంది.

"మాట్లాడొచ్చా?"

"నంబర్లు మాత్రం."

వాన జోరందుకుంది. కాసేపటికి వినయంగా చదివాడు. "మూడు పాయింట్ మూడు ఏడు. ఈ పది నిమిషాల్లో నువ్వు నన్ను చూసింది నాలుగుసార్లు."

"మీటరు చూసినా నేను."

"మీటరు కింద నా ఒళ్ళో ఉంది కదా."

ఆమె గబుక్కున అటు తిరిగి, నవ్వాపుకోలేక స్క్రూలన్నీ మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది.

నాలుగింటికి బల్బు తీసి ఛార్జర్ పెట్టింది. సెల్లులు ఎక్కడం మొదలుపెట్టాయి. మూడు పాయింట్ నాలుగు ఐదు. మూడున్నర. తొమ్మిదోది ఈసారి ముందుకు దూకలేదు, అందరితోపాటే నడిచింది. ఎలీషబా లైటు వైపే చూస్తోంది. ఎర్ర లైటు రాలేదు. పచ్చ లైటు వెలిగింది. అప్పుడు చూసుకుంది, తను శ్యాంసన్ చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. వదిలేద్దామనుకునేలోపు కాటమరాజు గొడుగు దులుపుకుంటూ లోపలికొచ్చాడు.

"తేలింది బాబాయ్," అంటూ చెయ్యి లాక్కుని తొమ్మిదో సెల్లు సంగతంతా చెప్పింది.

"మంచిదే. కానీ మూడుసార్లు తిరిగొచ్చిన బండమ్మా. మీరు చేసే రిపేరు ఇంతేనా అని జనం అడగరా?"

"మూడు కాదన్నా, రెండే," అని శ్యాంసన్ ముందుకొచ్చాడు. షాపులో ఉన్న ఇద్దరు కస్టమర్లు ఇటు తిరిగారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఇయ్యాల లైటు రాలేదు. నేనే అబద్ధం చెప్పినా. ఈమెను చూడాలని వచ్చినా. తప్పు నాది, పనిలో తప్పేం లేదు."

కాటమరాజు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "బెంచీ మీదే ఉండమ్మా నువ్వు," అన్నాడు చివరికి. "నువ్వు మాత్రం నాయనా, బండి నిజంగా చెడిపోతే తప్ప నా మెట్లెక్కొద్దు."

శ్యాంసన్ తల వంచుకుని ఆటోలో కూర్చున్నాడు. ఎలీషబా వానలోనే అతని వెనక వెళ్ళింది. బెంచీ దక్కిన సంతోషంలో తల తడిసినా ఆమెకి పట్టలేదు.

"ఆదివారం ఆరాధన అయినాక మీ అమ్మను తీసుకొని మా ఇంటికి రా. రోజూ మూడింటికే ఛార్జింగ్ పెడితే ప్రార్థనలోపల నిండిపోతాదని ఆమెకు నేను చెప్తా."

"ఆ ఒక్క మాటకేనా?"

"నువ్వెందుకొచ్చినావో మా నాయనకు నువ్వు చెప్పు. ఈసారి నిజం చెప్పు. నాక్కూడా నువ్వంటే ఇష్టమేనని అప్పుడు నేను చెప్తా."