వెనక అద్దం మీది ఎల్ బోర్డు

"మేడం, అది క్లచ్. మిడతను తొక్కినట్టు గట్ల తొక్కకుండ్రి."

"మీరు జర నవ్వుకుంట చెప్పుండ్రి సార్. మీ ముఖం చూస్తుంటే నా కాలు గూడ బిగుసుకుపోతుంది."

"నా ముఖం చూడమని ఎవరన్నరు? రోడ్డు చూడుండ్రి."

ఆ మాట అన్నది తిమ్మప్ప. దాన్ని మరిచిపోయింది కూడా తిమ్మప్పే. కానీ అది తర్వాతి సంగతి.

అప్పటికి వనపర్తిలో ఒక డ్రైవింగ్ స్కూలు కారు గ్రౌండు మధ్యలో మూడోసారి ఆగిపోయి ఉంది. స్టీరింగ్ ముందు నవనీత. డిగ్రీ చదువుతోంది, పెద్దమందడి నుంచి రోజూ బస్సులో కాలేజీకి వస్తుంది. వాళ్ల నాన్న శివశంకర్ పల్లి పంట బాగా పండిన ఏడాది ఒక పాత కారు కొన్నాడు. కొన్నాక షుగర్ వల్ల చూపు మసకబారింది. కారు ఇంటి ముందు, కోళ్లు దాని కింద. ఒక్కగానొక్క కూతురు నేర్చుకోక తప్పలేదు.

తిమ్మప్ప మానవపాడు వాడు. వనపర్తిలో గది తీసుకుని స్కూల్లో నేర్పిస్తున్నాడు.

"తిమ్మప్పనా? ఈ కాలంల గా పేరు ఎవరు పెట్టిండ్రు సార్?"

"మా తాత పేరు. ఆయన పుట్టినప్పుడు అది కొత్తదే."

నవనీత పగలబడి నవ్వింది. కారు మళ్లీ ఆగిపోయింది.

రెండో రోజు ఆమె ఒక రహస్యం కనిపెట్టింది. స్కూలు కారులో తిమ్మప్ప కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంది. బర్రె అడ్డం వస్తే చాలు, ఆమె కాలు కన్నా ముందు ఆయన కాలు దాన్ని తొక్కేస్తోంది.

"మీకో బ్రేకు ఉండంగ నాకెందుకు ఇన్ని తిట్లు?"

"మీ మీద నమ్మకం లేకనే అది పెట్టిండ్రు."

"నమ్మకం వస్తే?"

"నేను బ్రేకు ముట్టని రోజు మీకు మిర్చి బజ్జి. నా పైసలతోనే."

పందెం బాగానే సాగింది. పదిహేను రోజులకు తిమ్మప్ప కాలు ముడుచుకుని కూర్చోవడం నేర్చుకున్నాడు. బజ్జీలు తిన్నారు. ఆమె కళ్లలో కారం నీళ్లు. అవి చూస్తూ ఆయన నీళ్ల గ్లాసు అందించడం కూడా మరిచిపోయాడు. మీరు కాస్తా నువ్వు అయింది ఎప్పుడో ఇద్దరికీ గుర్తు లేదు.

లైసెన్సు టెస్టుకు ఇంకా టైముంది. ఈలోగా చెయ్యి తిరగాలని, ఆదివారాలు తమ కారులోనే పక్కన కూర్చొమ్మని శివశంకర్ తిమ్మప్పను అడిగాడు. తిమ్మప్ప వస్తూనే రెండు ఎల్ బోర్డు స్టిక్కర్లు తెచ్చాడు. ముందొకటి, వెనక అద్దానికి ఒకటి అంటించాడు.

"సిగ్గుపోతది. ఊరంతా చూస్తరు," అంది నవనీత.

"చూడనీ. ఎల్ఎల్ఆర్ తోని, అంటే నేర్చుకునేటోళ్ల లైసెన్సు తోని నడపాలంటే రూల్ ఇది. ముందెనక బోర్డు, పక్కన లైసెన్సున్నోడు. గట్లయితే రేపు ఏమన్న అయినా ఇన్సూరెన్సు చెల్తది."

"పక్కనోడు మూతి ముడుచుకోవాలె అని గూడ రూల్ ఉందా?"

"ఈ కార్ల నా దిక్కు బ్రేకు లేదు. మూతి ముడుచుకుంటే బ్రేకు పడ్డట్టే అనుకో."

ఏప్రిల్ చివరి ఆదివారం. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు, అంచుల వెంబడి రాళ్లు పెట్టారు. ఎండ ఉండగానే మబ్బు కమ్మింది. మొదటి చినుకులు అద్దం మీద లావుగా పడ్డాయి. నవనీత వైపర్ వేయబోయి ఇండికేటర్ వేసింది. తన పొరపాటుకు తానే నవ్వుతూ వైపర్ వేసింది.

ఆ నవ్వు బాగుంది. ప్రేమ కథల్లో ఇలాంటి చోట వాన పెద్దదవుతుంది, ఇద్దరూ తడుస్తారు, పాఠకుడు తృప్తి పడతాడు. ఇక్కడ మాత్రం వాన వస్తుంటే కూలీలు పరదాలు పట్టుకుని వడ్ల మీదికి పరుగెత్తారు. అందులో లింగాల నుంచి పనికి వచ్చిన కురుమయ్య ఒకడు. గాలికి లేచిపోతున్న పరదా అంచు మీద రాయి పెట్టడానికి రోడ్డు మీద వంగాడు. ఆయన వెనకే ట్రాక్టర్ ట్రాలీ ఆగి ఉంది.

నవనీత బ్రేకు తొక్కింది. చక్రాల కింద తడిసిన వడ్లు. కారు జారింది. తిమ్మప్ప కాలు అలవాటుగా బ్రేకు కోసం బలంగా తన్నింది. అక్కడ ఉత్త మ్యాటే ఉంది.

కురుమయ్య కాలు కారుకూ ట్రాలీకీ మధ్య నలిగింది. అరుపు వినపడ్డాక కూడా వైపర్ తిరుగుతూనే ఉంది.

ఆటోలో పడుకోబెడుతుంటే కురుమయ్య నవనీత వైపు వేలు చూపించాడు. "గా పిల్లనే నడిపింది," అన్నాడు. తర్వాత స్పృహ లేదు.

ఊరు దగ్గరే కాబట్టి శివశంకర్ ఎవరిదో బండి వెనక కూర్చుని వచ్చాడు. కూతుర్ని చూశాడు, నెత్తురు చూశాడు. ఆయన చేసిన మొదటి పని వెనక అద్దం మీది ఎల్ బోర్డును పీకేయడం.

"తిమ్మప్పా, నువ్వే నడిపినవ్. తెల్సిందా?"

"ఎందుకు కాకా? ఎల్ఎల్ఆర్ ఉంది, బోర్డుంది, నేను పక్కనున్న. ఉన్నదున్నట్టు చెప్తే సరిపోతది."

"ఎల్ఎల్ఆర్ ఒక లైసెన్సా? కంపెనీయోళ్లు వంకలు పెడ్తరు. మీదికెళ్లి ఆడపిల్ల పేరు స్టేషన్ల పడితే రేపు ఎవడు చేసుకుంటడు?"

తిమ్మప్ప ఇంకా వాదించగలడు. రూళ్లన్నీ ఆయనకు నోటికి వచ్చు. కానీ వణుకుతున్న నవనీతను చూశాడు. "సరే కాకా. నేనే నడిపిన," అన్నాడు.

నవనీత నోరు తెరిచింది. "నువ్వు మాట్లాడకు బిడ్డా," అన్నాడు నాన్న. మూసేసింది. ఆ నిమిషంలో భయపడటం తప్పు కాదు. నెల దాటినా ఆ నోరు తెరుచుకోలేదు చూడండి, అది మాత్రం తప్పే. ఆ రోజు ఆమె చేసిందల్లా, నాన్న ఉండచుట్టి పారేసిన స్టిక్కరు ఏరుకుని చున్నీలో దాచుకోవడం.

పెద్ద దవాఖానలో కురుమయ్యకు మోకాలి కింది నుంచి కాలు తీసేశారు. తిమ్మప్ప మీద కేసు పెట్టారు, లైసెన్సు తీసేసుకున్నారు, స్కూలు వాళ్లు ఇక రావద్దన్నారు. గది ఖాళీ చేసి మానవపాడు వెళ్లిపోయాడు. నవనీత ఫోన్ చేస్తే ఎత్తలేదు. తన వల్ల ఆయన బతుకు పోయింది కదా, తనంటే అసహ్యం పుట్టి ఉంటుందని ఆమె అనుకుంది.

జూన్‌లో ఒకరోజు గడప ముందు ఒక ఆడమనిషి నిలబడింది. కురుమయ్య భార్య కిష్టమ్మ.

"పైసలకు రాలేదు బిడ్డా. ఒక్క మాట అడగనీకి వచ్చిన. మా ఆయన పిల్లనే నడిపిందంటడు. కాయితంల మొగోడు నడిపిండని ఉందంట. మాటలు కలుస్తలేవని ఇన్సూరెన్సోళ్లు మా కేసు పక్కకు పెట్టిండ్రు. అందరు ఆయన కల్లు తాగి ఉండె అంటుండ్రు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నాతోని ఆయన ఎన్నడు అబద్ధమాడలె. గట్లాంటోన్ని, కాలు పోయినోన్ని, నిన్న నేనే తిట్టిన. ఎందుకు అబద్ధాలు చెప్పి మన నోట్ల మన్ను కొడ్తున్నవని. నువ్వు ఉన్నవ్ గద బిడ్డా. ఎవరు నడిపిండ్రు?"

"చెప్పింది చాలదా అమ్మా? తాగినోని మాట పట్టుకుని మా ఇంటి మీదికి రాకు," అన్నాడు శివశంకర్ లోపలి నుంచి.

కిష్టమ్మ ఇంకాసేపు నవనీత ముఖం చూసింది. తర్వాత వెళ్లిపోయింది. నవనీతకు ఆ రోజు తన మీద తనకే రోత పుట్టింది.

మర్నాడు ఆమె మానవపాడు బస్సెక్కింది.

తిమ్మప్ప చేనులో వంగి పత్తి గింజలు పెడుతున్నాడు. ఎర్రటి మట్టి మోచేతుల దాకా ఉంది.

"ఫోన్ ఎందుకు ఎత్తలే?"

"చేతులకు మట్టి."

"నెల సంది మట్టేనా?"

ఆయన నిలబడ్డాడు. చిక్కిపోయాడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఆపుకుంది.

"నా మీద కోపముంటే తిట్టు. తిడితేనన్న జర బరువు దిగుతది."

"నీ మీద కోపమెందుకు? నేర్చుకునేటోళ్లు లేటుగ తొక్కుతరు. ముందే చూసి చెప్పేది పక్కనోడి పని."

"మరి చెప్పలేదేంది?"

"నేను రోడ్డు చూడలె."

"ఏం చూస్తున్నవ్ మరి?"

మబ్బు కింద చేను మసకగా అయింది. తిమ్మప్ప చేతుల్లోని గింజలు చూసుకున్నాడు.

"నిన్ను. వాన పడంగనే నవ్వినవ్. రోడ్డు మర్చిపోయిన. నువ్వంటే ఇష్టం నవనీతా. గా మాట బజ్జీలు తినుకుంట ఎప్పుడో చెప్పాలనుకున్న. ఇప్పుడెట్ల చెప్పాలె? నా ఇష్టానికి ఒకాయన కాలు ఖర్చయింది."

నవనీత ఆ మాట కోసం ఎన్ని రోజులు ఎదురుచూసిందో ఆమెకే తెలుసు. వచ్చినప్పుడు మాత్రం ఒక అడుగు వెనక్కి వేసింది.

"గందుకేనా నేనే నడిపిన అన్నవ్? నన్ను కాపాడనీకా, నీ తప్పు కడుక్కోనీకా?"

"రెండింటికి."

"మనిద్దరి లెక్కనే చూసుకున్నవ్. ఆయన యాదికి రాలేదా? నిజం చెప్పినోన్ని అందరు అబద్ధాలోడంటుండ్రు. ఇంట్ల పెండ్లం గూడ నమ్ముత లేదు. తెల్సా నీకు?"

"తెల్వదు," అన్నాడు తిమ్మప్ప. చేనుగట్టు మీద కూలబడ్డాడు. "నిజంగ తెల్వదు."

"రేపు స్టేషన్‌కు పోతున్న. వస్తే రా. రాకున్నా పోత."

"కేసు నీ మీద పడ్తది."

"పడనీ. నేనే గదా నడిపింది."

ఇంటికెళ్లి నాన్నతోనూ అదే మాట చెప్పింది. "నీ పెండ్లి ఎట్లయితది బిడ్డా?" అన్నాడాయన. "ముందు ఆయన కాలు సంగతి చూద్దాం నాన్నా. పెండ్లి యాడికి పోదు," అంది. శివశంకర్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దున స్టేషన్‌కు కిష్టమ్మ, కురుమయ్య వచ్చారు. నవనీతే కబురు పెట్టింది. కురుమయ్య చంక కర్రలు గోడకు ఆనించి బెంచీ మీద కూర్చున్నాడు. తిమ్మప్ప వచ్చాడు. ఆఖరున, ఎవరూ పిలవకుండానే, శివశంకర్ తడుముకుంటూ మెట్లెక్కాడు.

"కారు నేనే నడిపిన సార్," అంది నవనీత.

కురుమయ్య భార్య వైపు తిరిగాడు. "ఇన్నవా?" అన్నాడు. అంతే. కిష్టమ్మ ఆయన చెయ్యి పట్టుకుని భోరుమంది.

ఎస్సై ముగ్గురినీ కడిగేశాడు. ఇన్నాళ్లు అబద్ధం చెప్పినందుకు ఇంకో కేసు పెట్టొచ్చన్నాడు. నవనీత ముడతలు పడ్డ స్టిక్కరు బల్ల మీద పెడితే, "గిది ఏ షాపులైనా దొరుకుతది," అన్నాడు. అందరూ స్టేషన్ వెనక్కి నడిచారు. కేసులో పట్టుకొచ్చిన కారు అక్కడే ఉంది, మీద వేలెడు దుమ్ము. వెనక అద్దం మీద పాత గమ్ముకు పట్టిన మురికి చతురస్రంగా కనిపిస్తోంది. ఒక మూల చిరిగిన ఎర్ర ముక్క ఇంకా అంటుకునే ఉంది. నవనీత స్టిక్కరు ఆనించింది. చిరుగు సరిగ్గా కలిసింది.

"పీకింది నేనే సార్," అన్నాడు శివశంకర్. "తాగి ఉండె అన్నది గూడ నేనే. ఆయన తాగలె."

లోపలికి వచ్చి ఎస్సై మళ్లీ పెన్ను తీశాడు.

"ఏం తిమ్మప్పా, నువ్వు నేర్పేటోడివి. ముంగట మనిషి వంగితే కనిపించలేదా? ఏం చూస్తున్నవ్?"

తిమ్మప్ప శివశంకర్ వైపు ఒకసారి చూశాడు. తల దించుకోలేదు.

"ఈమెను చూస్తున్న సార్."

పెన్ను ఆగింది. "గట్లనే రాయాల్నా?"

"రాయుండ్రి సార్," అంది నవనీత. "ఈయన చూస్తున్నడని నాకు తెల్సు. లోపలి అద్దంల నేను గూడ ఈయన్నే చూస్తున్న. గందుకే బ్రేకు లేటయింది."

ఈ సంగతి ఆమె తిమ్మప్పకు కూడా చెప్పలేదు. ఆయన గిర్రున ఆమె వైపు తిరిగాడు. శివశంకర్ కళ్లజోడు తీసి తుడుచుకోసాగాడు.

బెంచీ మీది నుంచి కురుమయ్య మెల్లగా అన్నాడు. "అయితే నా దిక్కు ఎవరు చూడలె."

నవనీత వెళ్లి ఆయన ముందు కింద కూర్చుంది. మడిచి పిన్ను పెట్టిన ప్యాంటు వైపు చూసింది. ఆయన కళ్లలోకి చూసింది. క్షమించమనడానికి నోరు రాలేదు. ఆయనా తొందరపెట్టలేదు.

"ఆయనన్న మాట గూడ రాయుండ్రి సార్," అన్నాడు తిమ్మప్ప.

సంతకాలయ్యేసరికి మబ్బు పట్టింది. శివశంకర్ తడుముకుంటూ వెళ్లి కురుమయ్యకు భుజం అందించాడు. కురుమయ్య కాసేపు ఆ భుజాన్ని అట్లాగే చూశాడు. చివరికి చెయ్యి వేశాడు.

"వాన వచ్చేటట్టుంది," అన్నాడు శివశంకర్, తిమ్మప్ప నిలబడ్డ దిక్కుకు తిరిగి. "పోయి ఆటో తీస్కరా కొడకా. బిడ్డా, నువ్వు గూడ పో. ఈయన్ను జాగ్రత్తగ ఎక్కించాలె."

ఇద్దరూ గేటు దాకా నడిచారు.

"మళ్ల టెస్టుకు పెట్టుకుంటే పక్కన ఎవరు కూసుంటరు?" అంది నవనీత.

"లైసెన్సున్నోడు. నాకిప్పుడు లేదు."

"వచ్చినంక?"

"వచ్చినంక అడుగు."

చినుకులు మొదలయ్యాయి. ఆటోలు అవతలి వైపు ఉన్నాయి. రోడ్డు దాటుతున్నంతసేపూ ఇద్దరూ రోడ్డే చూశారు.