పుస్తకం జాగాలో పేరు

నవంబరు వానలు పట్టుకుంటే పుదుచ్చేరిలో నాలుగు గంటలకే దీపాలు వేసుకోవాలి. ఆ రోజూ అంతే. పొద్దున్నే మా ఊరు అరియాంకుప్పంలో బస్సెక్కి మా అవ్వ రంగమ్మాళ్‌ను కంటి ఆసుపత్రికి తీసుకొచ్చాను. చుక్కలు వేసి, రాత్రి దాకా అన్నీ మసగ్గానే కనిపిస్తాయన్నారు. ఆమెను ఇంట్లో దింపి మళ్లీ రావాలంటే నా రోజంతా బస్సులకే సరిపోతుంది. అందుకని నాతోపాటే లైబ్రరీకి లాక్కుపోయాను.

అది సముద్రానికి కాస్త ఇవతల, ఫ్రెంచివాళ్ల కాలంనాటి ఇల్లు. ఎవరో దొర తన పుస్తకాలతో సహా దాన్ని ఒక ట్రస్టుకి రాసి పోయాడట. ఇంప్రెషనిస్టు చిత్రకారుల మీద, వాళ్ల తర్వాతి మోడరన్ చిత్రకారుల మీద పాత బొమ్మల పుస్తకాలు, ఎగ్జిబిషన్ కేటలాగులు అక్కడ బీరువాల నిండా ఉన్నాయి.

నా థీసిస్ ముఖాల గురించి. ఇంప్రెషనిస్టులు వీధిలో జనాన్ని వేసేటప్పుడు దూరంగా ఉన్నవాళ్లకి కళ్లూ ముక్కూ పెట్టరు. ఒక రంగు మరక వేసి వదిలేస్తారు. తర్వాతివాళ్లలో కొందరు ఎదురుగా కూర్చున్న మనిషికి కూడా ముఖం పెట్టడం మానేశారు. ఈ రెండు రకాల బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి చూసి, మర్నాటికల్లా మా గైడుకి ఒక అధ్యాయం ఇవ్వాలి. అప్పటికే రెండుసార్లు గడువు దాటించి తిట్లు తిన్నాను.

లైబ్రేరియన్ చెంగల్రాయన్‌కి డెబ్బై ఏళ్లుంటాయి. మనిషికి ఒక్క పుస్తకమే ఇస్తానన్నాడు తమిళంలో. నాకు రెండు కావాలి. బతిమాలుతుంటే, వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చిన అవ్వ గొంతు ఖంగుమంది.

"పాపా! కాఫీ తాగినావా? యాడుండావే, నాకేం కనబడలా!"

చదువుకుంటున్న ఇద్దరు ఫ్రెంచి అమ్మాయిలు తలెత్తి చూశారు. ఒకామె నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. నలిగిన చీర, నోట్లో తమలపాకు, ఆ గొంతూ...

చెంగల్రాయన్ ముఖం మాత్రం తెలుగు వినగానే వెలిగిపోయింది. "అట్లనా! మనోళ్లేనా? ఆమె ఎవరమ్మా నీకు?"

"పక్కింటావిడ," అన్నాను.

ఎందుకన్నానో అప్పుడే తెలుసు. సిగ్గుపడి అన్నాను. అవ్వ గుమ్మం దాకా తడుముకుంటూ వచ్చి నిలబడి ఉంది. విననే విన్నది. గుమ్మం పట్టుకుని, "అవును నాయనా, పక్కిల్లే. ఒంటిగా రాలేకపోతే తోడుకొచ్చినాది, మంచి పిల్ల," అంది.

నా అబద్ధానికి ఆమె కాపు కాసింది. అప్పుడైనా నోరు విప్పలేదు నేను. పైగా, "ఆవిడ పేరు మీద ఇంకో పుస్తకం ఇవ్వండి సార్," అన్నాను.

ఆయన చీటీల కట్ట ముందుకు లాక్కున్నాడు. అక్కడ ఒక పద్ధతి ఉంది. పుస్తకం తీసిన జాగాలో సన్నటి చెక్క నిలబెట్టి, దానికి చదివేవాళ్ల పేరు రాసిన చీటీ గుచ్చాలి.

"ఇది దొర పెట్టిన పద్ధతి," అన్నాడు మెల్లగా. "పుస్తకం బయటుండేదాకా ఆ జాగాలో మనిషి ఉన్నట్టు లెక్క. పుస్తకం చేరితేనే మనిషి ఇంటికి పొయ్యేది. ఊరకే ఇంకొకరి పేరు పెట్టగూడదు. ఆమె చదవతాదా?"

"చదువుతుంది," అన్నాను. మా అవ్వకి ఏ భాషా చదవడం రాదు.

ఒక చెక్క మీద నా పేరు, యోగిత. ఇంకో చెక్క మీద రంగమ్మాళ్. లోపలి గదిలో, చివరి బీరువాలో నేనే నిలబెట్టి వచ్చాను.

పని బాగా సాగింది. వానలో గొడుగులు పట్టుకుని నడిచే జనం. నదిగట్టున ఆదివారం జనం. అందరికీ ముఖం బదులు ఒక మరక. రెండో పుస్తకంలో కిటికీ దగ్గర కూర్చున్న ఒక ముసలామె, ముఖం కోడిగుడ్డంత నున్నగా. రాసుకుంటూ పోయాను. మొదట్లో వరండాలో అవ్వ ఎవరితోనో వాన గురించి, చేపల ధర గురించి మాట్లాడుతూనే ఉంది. ఆ మాటలు ఎప్పుడు ఆగాయో నాకు తెలియదు. ఆగినందుకు హాయిగా అనిపించిందని మాత్రం గుర్తుంది.

తల ఎత్తేసరికి ఫ్రెంచి అమ్మాయిలు లేరు. కిటికీ అద్దాల మీద వాన. ఫ్యాను ఆగింది, దీపం ఆరింది. చెంగల్రాయన్ జనరేటర్ చూడ్డానికి పెరట్లోకి పోయిన చెప్పుల చప్పుడు వినిపించింది. తర్వాత అదీ లేదు.

తడిసిన కాగితం వాసన. నాఫ్తలీన్ ఉండల వాసన. వాటి మధ్యలోంచి సన్నగా... తమలపాకు వాసన.

"పాపా..."

వరండా వైపునుంచి కాదు. లోపలి గదిలోంచి.

"అవ్వా?" అన్నాను. దారి తప్పి లోపలికి వచ్చి ఉంటుందనుకున్నాను. ఫోన్ లైటు వేసుకుని బీరువాల మధ్య నడిచాను. మనిషి లేదు. చివరి బీరువా దాకా వచ్చాను.

"పాపా... కండ్లు కనబడలా. చెయ్యి పట్టుకో."

ఆ గొంతు నా ఛాతీ ఎత్తులో వినిపించింది. పుస్తకాల వరసలోంచి.

లైటు అటు తిప్పాను. రంగమ్మాళ్ అని నేను రాసిన చీటీ. సన్నటి చెక్క. దాని పక్కన వేలు దూరేంత సందు. ఆ సందులో చీకటి. చీకట్లో ఎవరో ఊపిరి తీస్తున్నారు... ఇరుకుగా... అతి కష్టం మీద.

"ఇరుగ్గా ఉండాది పాపా..."

పుస్తకం తెచ్చి ఆ జాగాలో పెడితే చాలు. ఆ మాట నాకు అప్పుడే తట్టింది. బల్ల మీదే ఉంది పుస్తకం. కానీ మళ్లీ ఈ చీకట్లోకి రావాలి. ఆ సందులోకి చెయ్యి పోనివ్వాలి... లోపల ఏదో చెక్కను గోటితో గీకింది. అంతే. పరిగెత్తాను. బల్ల దాటాను, పుస్తకాలు దాటాను, ఆగలేదు.

వరండాలో బెంచీ మీద అవ్వ కూర్చుని ఉంది.

ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఎంత పిరికిదాన్ని, ఏవేవో వినేశాననుకున్నాను. ఆమె లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, "వెళ్దామా అమ్మా?" అంది నెమ్మదిగా. లోపల పుస్తకాలు వదిలేసి వచ్చానని గుర్తున్నా వెనక్కి తిరగలేదు.

బస్సులో ఆమె ఎవరినీ పలకరించలేదు. ఇంట్లో అమ్మ పెట్టిన అన్నం చప్పుడు లేకుండా తిని, కంచం తనే కడిగింది. "ఏందే, అవ్వ ఇంత నెమ్మదైపోయినాది! టౌను నీళ్లు పడినాయా?" అని అమ్మ నవ్వింది. నేను కూడా నవ్వాను. కంచంలో అన్నం అలాగే వదిలేసి లేచాను.

చెయ్యి కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. లైబ్రరీ రిజిస్టరులో నా నంబరు చూసి చేసింది చెంగల్రాయన్.

"ఏంది పాపా, పుస్తకాలు బల్ల మీదనే ఏసేసి పోయినావే! నీతో వచ్చినామె ఈడనే ఉండిపోయింది. కండ్లు కనబడలేదని ఒకటే ఏడుపు. యాడుండాదో నాకు దొరకలా, గొంతు మాత్రం వినబడతా ఉండాది. పుస్తకం యా జాగాదో నువ్వే వచ్చి పెట్టాల. నిన్నే పిలస్తా ఉండాది."

నేను ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"వినబడతా ఉందా? పక్కింటామె అంటివే, ఆమెకి సొంత మనుషులు ఎవురూ లేరా? ఉంటే చెప్పు, వాళ్లకన్నా ఫోన్ చేస్తా."

ఫోనులో వాన చప్పుడు. దాని వెనక, ఎంతో దూరం నుంచి, ఖంగుమనే ఆ గొంతు. నన్ను చిన్నప్పటినుంచి పిలిచిన పిలుపు. మా అవ్వ అని ఒక్క మాట అంటే చాలు. నోటి దాకా వచ్చింది.

గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. తల కొద్దిగా పక్కకి వంచి వింటోంది.

"ఎవరమ్మా?" అంది.

నేను ఫోన్ పెట్టేశాను. "రాంగ్ నంబరు," అన్నాను.

ఆమె మెచ్చుకున్నట్టు తలూపింది. దీపం ఆర్పేసి, నా పక్కన కోరచాప పరిచి, దాని మీద పడుకుంది. చాప చప్పుడు చెయ్యలేదు.