కవరు లోపలి చుక్కలు

ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలే. ఆ గోడ మీది కవరును నా చున్నీతో తుడిచింది నేనే.

యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో సాజిదా చాచీది పాత ఇటుకల ఇల్లు. మేడ మీద ఆమె గది. పడమటి గోడ ఎండకు పెనం లెక్క కాలేది. గది చల్లగుండేటట్టు గోడకు ఫోమ్ షీట్లు కొట్టి, పైన బోర్డు వెయ్యమన్నది. వీడియోలు చూసి పని నేర్చుకున్న నాకు, నా పేరు మీద దొరికిన మొదటి పని.

మేస్త్రీ మొగులయ్య గోడకు ప్లాస్టిక్ కవరు పరిచి, నాలుగు దిక్కులా టేపు అంటించిండు.

"రేపు పొద్దుగాల చూద్దాం బిడ్డా. లోపల చెమ్మ పడితే పని బంద్. డాబా మీద డాంబరు చిట్లింది, వాన నీళ్లు ఇటుకల్లకు దిగుతున్నయి. ముందు అది బాగుచెయ్యాలె, ఒక ఎండకాలం గోడను ఆరనియ్యాలె. తడిని మూసి పెడితే అది గదిలకే వస్తది."

"గోడకు ఊపిరి ఆడదా ఏంది, తాతా?" అని నవ్విన.

పొద్దున ఆయన కంటే ముందే పోయిన. కవరు లోపల నిండా నీటి చుక్కలు. టేపు విప్పి, తుడిచి, మళ్లీ అంటించిన. మొగులయ్య వచ్చి, కండ్లు చికిలించి చూసిండు. "నా లెక్క తప్పిందేమో" అన్నడు. ఆయన మళ్లీ చూస్తడేమోనన్న తొందరలో కవరు కూడా తియ్యలే. దాని మీదనే షీట్లు కొట్టిన.

వానలు మొదలైనయి. చాచీ ఫోన్ చేసింది.

"కమలా బేటీ, బోర్డు వెనక ఎవరో దగ్గుతున్నరు."

"ఎలుకలు చాచీ. ఫికర్ చెయ్యకు."

"ఎలుకలు నా తీరుగ దగ్గుతయా?" అని నవ్వబోయి, దగ్గింది. చాలాసేపు.

ఆ తర్వాత ఆమె నంబర్ కనబడితే ఎత్తుడే మానేసిన.

ఊపిరితిత్తుల్లో బూజు పట్టిందన్నరంట డాక్టర్లు.

చాచీ చనిపోయిన నలభయ్యో రోజు, ఫాతెహా దువాకు పోయిన. మధ్యాహ్నం. కింద వంట దేగ్చాల చప్పుడు, జనం. చాచీ కొడుకు నవీద్ భాయ్ "గదిల ఏదో వాసనొస్తుంది, జర చూడు చెల్లె" అని నన్ను పైకి పంపిండు.

తడి సున్నం వాసన. దాంట్లో సన్నగా చాచీ అత్తరు. ఒక బోర్డు విప్పి, షీటు లాగిన. గోడ నల్లగా నాని ఉంది. మధ్యలో నా కవరు. టేపు ఊడలే. లోపల నిండా చుక్కలు...

చూస్తుండగానే, ఆ చుక్కలు తుడుచుకుపోయినయి.

లోపలి నుంచి... మెల్లగా... నాలుగు వేళ్ల వెడల్పున.

తర్వాత దగ్గు. నాది కాదు.

మెట్ల మీద అడుగులు. గబగబా షీటు, బోర్డు నెట్టేసిన. నవీద్ భాయ్ చంకలో ఐదేండ్ల బిడ్డ అలీనా.

"ఏమన్నా ఉందా చెల్లె? దాదీ గదిల పండుకుంట అని ఇది ఒకటే లొల్లి. ఇయ్యాల్టి సంది ఇక్కడనే."

"ఏం లేదు భాయ్" అన్న. "గది మంచిగ చల్లగుంది."

మూడు రోజులైంది. ఇందాక నవీద్ భాయ్ మెసేజ్ పెట్టిండు. పాపకు దగ్గంట. బోర్డుకు చెవి ఆనించి, దాదీతో మాట్లాడుతుందంట.

నంబర్ తీసిన. ముందు పాపను ఆ గదిల నుంచి తియ్యమనాలె. తర్వాత కవరు సంగతి చెప్పాలె. అన్నీ చెప్పాలె.

ఫోన్ అద్దం మసకబారింది. వేలితో తుడిచి చూసిన, పోలే. చుక్కలు అద్దానికి లోపలి దిక్కు ఉన్నయి.

ఉండనీ. ఫోన్ చేస్తున్న.