పాలరంగు నేల

ఆ గ్యారేజ్‌లో ఇక కారు పెట్టరు. ఎల్లుండి నుంచి వీధిలోని పసిపిల్లలు అక్కడ పాకుతారు, ఇల్లాలు వాళ్లను చూసుకుంటుంది. పాకడం నేర్చిన తన కూతుర్ని వదిలి ఉద్యోగానికి వెళ్లలేక ఆమె ఎంచుకున్న దారి అది. అందుకే నేలకు పూత వేయిస్తోంది. తడి పూత మీద చల్లే రంగు పెచ్చుల్లో, అంటే ఫ్లేక్స్‌లో, ఏది కావాలో చెప్పమని మేస్త్రి నమూనా పలకలు పరిచాడు.

బూడిద రంగు చూస్తే దుమ్మే గుర్తొస్తుందంది. నీలం బాత్రూములా ఉందంది. ఏ వంకా లేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందట అని మొగుడు నవ్వి లోపలికి పోయాడు. చివరికి మేస్త్రి సామాను అడుగున పేరులేని సంచి ఒకటి ఆమె కంటబడింది. పాలరంగు ఫ్లేక్స్, లేత గులాబీ జీరతో. అది తమ సరుకు కాదనీ, ఎలా వచ్చిందో తెలీదనీ, వద్దనీ చెప్పాడు మేస్త్రి. ఆమె పట్టుబట్టింది. కోరి కొరివితో తల గోక్కోవడమంటే అదే.

చల్లుతున్నంతసేపూ అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పాత కట్టు విప్పినప్పుడు వచ్చే వాసన గ్యారేజంతా నిండింది. పూత వాసనేలే అనుకుంది ఆమె. ఆరాక పైకి లేచినవేవైనా ఉంటే గీకేయమని ఒక రేకు ఇచ్చి వెళ్లాడు.

మర్నాడు సాయంత్రం, పాపను గదిలో నిద్రపుచ్చి, ఇంట్లోంచి గ్యారేజ్‌లోకి ఉన్న తలుపు తీసి వచ్చింది. బయట ముసురు. షట్టరు దించి ఉండటంతో లోపల మసక చీకటి. చెప్పులు విప్పి నడిచి చూస్తే, నున్నగా ఉండాల్సిన నేల కాళ్లకు గుచ్చుకుంది. పిల్లల మోకాళ్లు చీరుకుపోతాయని కూర్చుని గీకసాగింది.

ఊడిన ముక్కలు వంకరగా ఉన్నాయి. ఫోన్ లైటు వేసింది.

గోళ్లు.

కొన్నిటి కింద నల్లటి మట్టి. ఒకదానికి ఎండిన తోలు. గీకిన చోట నేల ఎర్రగా, మెత్తగా, చెమ్మగా... ఛీ. అరికాలికి ఏదో అంటుకుంది. రోత పుట్టి గోడవారనే కక్కుకుంది. మూతి తుడుచుకుని చూసేసరికి, గీకిన చోట తెల్లగా మళ్లీ మొలుస్తున్నాయి...

పిలుపు విని వచ్చిన మొగుడు గడప దాటలేదు. చూశాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇవతలికి రా. తలుపు వేసేద్దాం," అన్నాడు గుసగుసగా.

"ఇక్కడికి ఏ బిడ్డా రాకూడదండీ. మన పాప అసలే రాకూడదు."

రావలసిన పిల్లల తల్లులందరికీ ఫోన్ చేసి వద్దని చెప్పేద్దామన్నాడు. తాళం వేశారు.

ఆమె కాళ్లు తోమి తోమి కడుక్కుని పాప దగ్గరికి వెళ్లింది. పాప కదిలినట్టే లేదు, కప్పిన దుప్పటి కూడా చెదరలేదు. ఎత్తుకుంటే నిద్రలోనే తల్లి మెడ పట్టుకుంది. ఆ పట్టు మరీ మెత్తగా తగిలింది.

ఆమె ఆ చిన్న చేతిని లైటు కిందికి తెచ్చింది. ఒక్క వేలికీ గోరు లేదు. రక్తం లేదు, గాటు లేదు... ఎప్పుడూ లేనట్టే, నున్నటి చర్మం.

తాళం వేసిన తలుపు అవతల, గడప దగ్గర, ఏవో చాలా చిన్నవి గీరుతున్నాయి.