మేరమ్మ పెరట్లో వస మడి

మేరమ్మ పెరట్లో నాగుపాము కాపురం పెట్టిందనీ, దానికి మనవళ్లు కూడా పుట్టారనీ పక్కింటి జయమ్మ నీళ్లబావి దగ్గర చెప్పిందట. అంతటితో ఆగిందా? మేరమ్మ కూతురు గ్లోరీని పెళ్లిచూపులు చూడటానికి వచ్చిన మదనపల్లె పెళ్లికొడుకు కాళ్లు కడుక్కుందామని ఆ పెరట్లోకి పోయి, మోకాళ్లదాకా దిగబడి, చెప్పులు అక్కడే వదిలి పారిపోయాడని కూడా చెప్పిందట. ఆ మాట పుంగనూరు మిషన్ వీధంతా తిరిగి, సాయంత్రానికి గ్లోరీ చెవిన పడింది.

"పాము అబద్ధం. చెప్పులు నిజమే" అని నవ్వింది గ్లోరీ.

నవ్వింది గానీ, లోపల గుబులుగానే ఉంది. పెళ్లికొడుకు పోయినందుకు కాదు. మదనపల్లె ఆసుపత్రిలో నర్సు చదువు ముగించి, తమ ఇంటి వెనక గదిలో పసిపిల్లలకు వైద్యం చేయాలని రెండేళ్లుగా కలలు కంటోంది. ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ వచ్చి చూసి, "ముందు ఈ దోమల గుంట సంగతి చూడు. మూడు వారాల్లో మళ్లీ వస్తాను. అప్పటికీ ఇట్లాగే ఉంటే ఆ గది పలమనేరులో తెరుస్తాం" అని చెప్పి వెళ్లింది.

గ్లోరీ తండ్రి చనిపోయినప్పటినుంచీ ఆ పెరట్లో పార పడలేదు. స్నానాల నీళ్లు, అంట్ల నీళ్లు అన్నీ అక్కడే నిలిచాయి. తుంగ మొలిచింది, గోడకు పాచి పట్టింది.

మిషన్ బడిలో తోటపని నేర్పే కృపానందం మాస్టరును పిలిపించారు. కుప్పం మనిషి. వచ్చీరాగానే పార పట్టలేదు. నాలుగు మేకులు పాతి, దారం కట్టి, ఒక కన్ను మూసి దాని వెంబడి చూస్తూ కూర్చున్నాడు.

"మాస్టరుగారూ, యాల కూర్చుండారు?"

"నీళ్లు యాడికి పోవాలనుకుంటాయో ముందు వాటినే అడగాల, నర్సమ్మా."

"అడిగితే చెప్పినాయా?"

"మీకంటే మర్యాదగా చెప్పినాయి."

గ్లోరీ మూతి తిప్పుకుని లోపలికి పోయింది. పోయి, కిటికీలోంచి చూసింది. ఆయన కూడా కిటికీ వైపే చూస్తున్నాడు. దారం వంకర పోయింది.

పది రోజులు పని బాగా సాగింది. పదకొండోరోజు గ్లోరీ ఆసుపత్రికి పోయింది. గ్లోరీ అవ్వ జ్ఞానమ్మ ఊరి మంత్రసాని; ఆమె కూడా కాన్పు చేయడానికి పక్క పల్లెకు పోయింది. "మూల ఉండే జమ్ము కూడా పీకేయప్పా" అంది మేరమ్మ. ఆయన ఆ మూల పెరిగిందంతా పీకి, కుప్పేసి, కాల్చేశాడు.

సాయంత్రం అవ్వ వచ్చి ఆ బూడిద చూసి కూలబడింది.

"జమ్ము గాదురా నాయినా, వస! నలభై ఏండ్లుగా నేను సాకిన వస! ఈ ఊర్లో మాట్లాడే నోర్లన్నీ ఆ మడిలోనించి మొలిచినయ్యే!"

బిడ్డకు మాటలు త్వరగా రావాలని తల్లులు వస కొమ్ము అరగదీసి నాకించడానికి అవ్వ దగ్గరికే వస్తారు. అవ్వ మాట మీదే తమ బిడ్డలను గ్లోరీకి చూపిస్తామన్నారు. వస లేకపోతే గది తెరిచినా గడప తొక్కేవాళ్లుండరు.

"పరీక్షలు పాసయినారు గదా! ఒక ఆకు నలిపి వాసన చూసింటే తెలిసిపోయేది గదా!" అంది అప్పుడే ఆసుపత్రినుంచి వచ్చిన గ్లోరీ, మాస్టరుతో.

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మూడు రోజులు ఆయన జాడ లేదు. పైగా వాన పట్టుకుంది. సగం తవ్విన కాలవలో నీళ్లు నిలిచాయి. ఈయన కూడా పారిపోయినట్టే అనుకుని, గ్లోరీ చీర చెక్కుకుని తానే పార పట్టింది. నాలుగు పారలు వేసేసరికి చేతులు బొబ్బలెక్కాయి.

అంతలో గోనెసంచి నెత్తిన పెట్టుకుని, ఒళ్లంతా బొగ్గుమసితో వానలో తడుస్తూ కృపానందం వచ్చాడు.

"యాడికి పోయింటిరి?"

"కుప్పం. మా ఊరి చెరువు కింద కాలవలో వస ఉండాది."

"దానికి మూడు దినాలా?"

"యుద్ధం పుణ్యమా అని బొగ్గుతో నడిచే బస్సు గదా. మిట్ట వస్తే అది మమ్మల్ని దిగమంటాది. బైరెడ్డిపల్లె దాకా మేమే దాన్ని తెచ్చినాము."

గ్లోరీకి నవ్వాగలేదు. సంచిలోంచి ఒక ఆకు తీసి, నలిపి, ఆయన ముక్కు దగ్గర పెట్టింది. "వస కోసం బస్సు తోసినారా?"

"వస కోసం గాదు."

"మరి?"

ఆయన వాన వైపు చూశాడు. "శనివారం డాక్టరమ్మ వచ్చిపోయినాక చెప్తాను. ఇప్పుడు చెప్తే నా చేతిలో పార నిలవదు."

గ్లోరీ చేతిలో పార అప్పటికే నిలవడం లేదు.

సిమెంటు దొరకని రోజులు. కాలవకు రాతి పలకలు పరిచారు. నీళ్లు ఆగకుండా జారి, అరటిపాదులు తడిపి, చివర కొత్తగా నాటిన వస మడిలోకి ఇంకిపోయేలా వాలు కట్టారు. ఎండిన మిట్ట మీద తల్లులు కూర్చోడానికి రాతిబల్లలు వేశారు.

శనివారం డాక్టరమ్మ కర్రతో మూలమూలా పొడిచి చూసింది. ఒక్క దోమపురుగు కనబడలేదు. రాతిబల్లల మీద పదకొండుమంది తల్లులు బిడ్డలతో కూర్చుని ఉన్నారు. అవ్వ వస అరగదీస్తోంది.

"గది సోమవారమే తెరిచెయ్యి, గ్లోరీ" అంది డాక్టరమ్మ. "ఇంత మంచి పెరడు మా బంగళాకు కూడా లేదు."

తల్లులంతా ఒక్కసారిగా కలకలలాడారు. అవ్వ లేచి, వస అంటిన చేయి అట్లాగే కృపానందం నెత్తిన పెట్టి, "ప్రభువు నిన్ను సల్లగా సూడనీ నాయినా" అంది.

అందరూ వెళ్లాక మేరమ్మ కాఫీ గ్లాసు అందిస్తూ అడిగింది. "పనంతా అయిపోయింది గదప్పా. రేపు మళ్లీ వస్తానంటాండావు, ఇంగ యాల?"

"అదే... కాలవలో ఆకులు పడతాయి గదమ్మా... తియ్యాల..." కృపానందం కాఫీ ఒలికించుకున్నాడు.

అవ్వ రాయి మీద చేయి ఆపింది.

"ఆకులు నేను తీసుకుంటాను" అంది గ్లోరీ. "ఆయన వచ్చేది నన్ను చేసుకుంటానని నిన్ను అడిగేదానికి, అమ్మా. నేను ఎప్పుడో సరే అనుకున్యాను."