ఆఖరి రేటు

రెండువేల ఆరు జూన్‌లో ఒక ఉదయం వరహాలబాబు బోయిగూడలోని జ్ఞానమణి డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. జ్ఞానమణి పాతికేళ్ళు టెలిఫోన్ శాఖలో పనిచేసి, గొంతు వినగానే మనిషిని అంచనా కట్టడం నేర్చుకుంది. సహాయకుడు ఆర్థర్ దృష్టిలో ఆవిడ తప్పు చెయ్యడమంటూ ఉండదు.

“వస్తువు పోలేదండీ. నా మాట బయటికి పోతోంది,” అన్నాడు వరహాలబాబు.

ఆయన భార్య నూకరత్నానికి గుండె ఆపరేషన్. ఇరవయ్యో తారీఖులోగా రెండు లక్షలు కట్టాలి. అప్పు పుట్టే గుమ్మాలన్నీ ఎక్కి దిగాడు. మిగిలింది ముప్పై ఏళ్ళుగా ప్రాణంలా పోగేసిన పదకొండు పాత రేకు బొమ్మలు, అన్నీ విదేశీవి, కీ ఇస్తే తిరిగేవి. ఇంటర్నెట్‌లో ఒక్కొక్కటీ అమ్ముతున్నాడు.

“బొంబాయిలో ఒకాయన ఒక్కోటి ఇరవై వేలకి తీసుకుంటానన్నాడు, కానీ వారం ఆగి, వచ్చి చూశాకే అన్నాడు. వస్తాడో రాడో, నాకు అంత ఓపికేదండీ? ఈలోగా ఇంకొకడు తగిలాడు. రైలింజన్‌కి అవసరమైతే ఏడు వేల దాకా దిగుదామనుకున్నాను. సరిగ్గా అక్కడే మేకు దిగేసినట్టు నిలబడ్డాడు. ఇప్పటిదాకా అమ్మిన ఎనిమిది బొమ్మలకీ అదే వరస! ఆఖరి రేటు వాడికి ముందే ఎలా తెలుస్తోందండీ?”

“ఆ రేటు మీరు ఎవరికి చెబుతారు?” అంది జ్ఞానమణి.

“టైపు కొట్టే కిషన్‌కి. ఇంట్లో మా ఆవిడా, బావమరిది సూరీ ఉండగానే అనుకుంటాం. ఇంగ్లీషు నాకు అంతంత మాత్రం. వచ్చిన జవాబులు కిషనే చదివి చెబుతాడు.”

ఆర్థర్ పద్మారావు నగర్‌లో కిషన్ నెట్ సెంటర్‌కి వెళితే అతను గయ్యిమన్నాడు. “ఏందన్నా, నామీదనే డౌటా? సార్ చెప్పింది కొట్టిన, గంతే. గీ పరేషాన్ నాకెందుకు?”

బేరం తాలూకు కాగితాలన్నీ ప్రింటు తీసిచ్చాడు. కొన్నవాడు డబ్బు బ్యాంకులో వేసి, కాప్రాలోని కొరియర్ ఆఫీసుకి స్వయంగా వచ్చి బొమ్మ పట్టుకెళతాడట. ఆర్థర్ అక్కడికీ వెళ్ళొచ్చాడు. మెడలో కంపెనీ కార్డు వేలాడే కుర్రాడని గుమాస్తా చెప్పాడు. ఈ ఊళ్ళో ఇప్పుడు మెడలో కార్డు లేని కుర్రాడెవడని ఆర్థర్ విసుక్కున్నాడు.

సాయంత్రం ఇద్దరూ వరహాలబాబు ఇంటికి వెళ్ళారు. నూకరత్నం మంచం మీద కూర్చుని వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో వేసుకుంటోంది. “ఐదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది…” ఆవిడ మెడలో పసుపుతాడు, దానికో పసుపుకొమ్ము మాత్రమే ఉన్నాయి.

“స్కానింగుకని పుస్తెలతాడూ గాజులూ తీయించారమ్మా. బీరువాలో పెట్టాను,” అంది, అడక్కుండానే. ఇంతలో సూరి ఆఫీసు నుంచి వచ్చి, మెడలో కార్డు తీసి మేకుకి తగిలించాడు.

మర్నాడు జ్ఞానమణి కిషన్‌తో సహా అందరినీ ఆ గదిలోనే కూర్చోబెట్టింది.

“ఇక్కడ దొంగ లేడు,” అంది. “రైలింజన్ బేరంలో కొన్నవాడు రాసింది చూడండి. ఏడు వేలని లేదు. ఆరు వేలూ ఇంకో వెయ్యీ అని ఉంది.”

“తప్పు రాసిండనుకున్న మేడమ్. ఏడని చదివి చెప్పిన,” అన్నాడు కిషన్.

“తప్పు కాదు. ధాన్యం కొలిచేటప్పుడు ఏడంటే ఏడుపని, ఆరున్నొకటి అంటారు. మాత్రల దగ్గర కూడా ఆ మాట వదలని మనిషి ఈ ఇంట్లో ఉన్నారు. రాయించింది ఆవిడ. రాసి, బొమ్మలు తెచ్చుకున్నది సూరి. డబ్బు బీరువాలో ఉందన్న ఆ బంగారం అమ్మితే వచ్చింది.”

సూరి తల వంచుకున్నాడు. “ఏడని రాయకురా, అపశకునం అందండీ అక్క. బొమ్మలన్నీ నా గదిలోనే ఉన్నాయి బావా.”

“ఆపరేషన్ చేసినా సగం ఆశేనని డాక్టరు నాతో అన్నాడు,” అంది నూకరత్నం. “నేనూ పోయి, బొమ్మలూ పోతే, ఈయన ఎవర్ని చూసుకుని బతుకుతాడు? ఉన్న బంగారంలోనే అన్నీ రావాలి కదమ్మా, అందుకే అంత బేరమాడించాను.”

వరహాలబాబు లేచి నిలబడ్డాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. “పిచ్చిదానా! అయితే పదకొండూ మన దగ్గరే ఉన్నట్టేగా! కిషన్, బొంబాయి ఆయనకి రాయి బాబూ. సగం ఆశ చాలు నాకు!”

కిషన్ తల అడ్డంగా ఊపాడు. “ఆయన పొద్దుగాలనే రాసిండు సార్. అమ్ముడుపోయిన రేట్లన్నీ సైట్ల అందరికీ కనబడ్తయి. ఏడు వేలకు పోయిన మాల్‌కి ఇరవై ఎవడిస్తడు అంటుండు. ఏడు మీద ఒక్క పైస ఇయ్యడంట. మిగిలినోళ్ళు సుత గదే అంటున్నరు.”

ఆ రేటున పదకొండూ అమ్మి, బంగారం డబ్బు కలిపినా రెండు లక్షలు కావు. వరహాలబాబు మళ్ళీ కూలబడ్డాడు.

నూకరత్నం కాసేపు అందరి ముఖాలూ చూసింది. చివరికి జ్ఞానమణి వైపు తిరిగింది.

“అమ్మా, నేను అడ్డం పడకపోయి ఉంటే ఆ డబ్బు వచ్చేదేనా?”

ఇన్నేళ్ళలో జ్ఞానమణి ఎవరికీ అబద్ధం చెప్పగా ఆర్థర్ వినలేదు. ఈ ఒక్కసారికి చెప్పమని లోలోపలే బతిమాలుకున్నాడు.

“వచ్చేదమ్మా,” అంది జ్ఞానమణి.