మహిత దోస్తు

కొత్తవాడ మరమగ్గాల మధ్య బతికినవాళ్లకు చెవులు తొందరగా పోతాయి. లింగమూర్తికీ పోయాయి. ఆ హోరులో పక్కవాడి మాట వినేదెవరు, పెదవులు చూసి పట్టుకోవడమే. ఆ మాటకొస్తే, ఆయన భార్య సరోజన బతికున్న రోజుల్లో, మొగుణ్ని తిట్టాలంటే మూతికి కొంగు అడ్డం పెట్టుకునేది.

ఇప్పుడు మనవరాలు మహిత ఫోన్‌లో ఆడుకునేటప్పుడు కాపలా ఆయనదే. కొడుకు విజయ్‌కుమార్ అందులో తాళాల మీద తాళాలు వేశాడు. పిల్లల ఆటలు తప్ప ఏమీ రావు, కొత్తవాళ్లెవరూ మాట్లాడలేరు అన్నాడు. అయినా ఎనిమిదేళ్ల పిల్ల ఎవరికో జవాబులు చెబుతూనే ఉంది. గల్లీ పేరు, అమ్మ ఎప్పుడు బయటికి పోయేదీ... పెదవుల మీద అన్నీ కనబడ్డాయి.

చెబితే కోడలు సునీత నవ్వింది. "చెవులైనయ్, ఇగ కండ్లు గూడ పోయినయా మామా?"

విజయ్‌కుమార్ ఫోనంతా వెతికాడు. ఎవరూ లేరు. ఎందుకైనా మంచిదని ఆ రోజు దాన్ని తనతోపాటు కాజీపేట డ్యూటీకి పట్టుకుపోయాడు.

సాయంత్రం ముసురు పట్టింది. సునీత కూరగాయలకు వెళ్లగానే కరెంటు పోయింది. ఇంట్లో తడిసిన నూలు వాసన. దాని అడుగున ఇంకేదో... వైరు కాలినట్టు.

కిటికీ పక్కన మహిత గోడను చూస్తూ కూర్చుంది. ఉత్త గోడ. పెదవులు కదులుతున్నాయి. ఆగుతున్నాయి... జవాబు వినేంతసేపు. మళ్లీ కదులుతున్నాయి.

"ఎవరితోని మాట్లాడుతానవ్ బిడ్డా?"

పిల్ల ఇటు తిరిగింది. "దోస్తుతోని."

"ఫోన్ మీ నాన్న కాడ ఉన్నది కద."

"ఇగ ఫోన్ అక్కర లేదట తాతా. బయటికి రమ్మంటాంది."

లింగమూర్తి ఒక్క ఉదుటున పోయి గడియ పెట్టాడు. తిరిగేసరికి చీకటి ముంచుకొచ్చింది. ఇక పెదవులు కనబడవు. ఆయనకు మిగిలిన చెవి అదొక్కటే... అదీ మూసుకుపోయింది.

తడుముకుంటూ వచ్చి పిల్ల చెయ్యి అందుకున్నాడు. చల్లగా ఉంది. "నేనున్న బిడ్డా. విడువ" అన్నాడు. చిన్న వేళ్లు ఆయన చేతిని గట్టిగా పట్టుకున్నాయి. అట్లాగే కూర్చున్నాడు. ఎంతసేపో...

తలుపు తెరుచుకుంది. టార్చి వెలుగు. సునీత. ఆయన పెట్టిన గడియ ఎవరు తీశారు?

ఆమె పెదవులు కోపంగా కదిలాయి.

"పిల్లను ఒక్కదాన్నే ఇంత వానల, గల్లీ చివరికి ఎట్ల పంపినవ్ మామా?"

ఆమె కొంగు పట్టుకుని, తడిసి ముద్దయి, మహిత నిలబడి ఉంది.

లింగమూర్తి తన పక్కకు చూడలేదు.

ఆయన చేతిలోని చిన్న వేళ్లు... ఇంకొంచెం బిగిశాయి.